రీల్‌లో తుఫాన్, వార్డులో రమ్య

మానసిక వార్డుకు పోస్టింగ్ పడిందని ఏడ్చే నర్సు పిల్లల్ని చాలామందిని చూశాను. నేనూ ఏడ్చినదాన్నే. కరీంనగర్‌లో ట్రైనింగ్ ముగించుకుని, బొగ్గు బెల్టులో ఒక సర్కారు దవాఖానకు వచ్చిన మొదటి వారమే నన్ను ఆ వార్డులో వేశారు. మా అవ్వ, అదే మా అమ్మ, కంటికి కడివెడు నీళ్లు పెట్టుకుంది. "గా పిచ్చోళ్ల నడుమ ఉంటే నీకు సంబంధాలొస్తయా బిడ్డా?" అంది. సంబంధం వచ్చింది, అదీ బొగ్గుబాయిలో పనిచేసే మనిషిదే. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ముప్పై రెండేళ్లు అదే వార్డులో చేసి పోయినేడు రిటైరయ్యాను.

ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ పెద్దసారు ఏ ఫైలు తొక్కిపట్టాడు అనేవి ఇక్కడ రాయను. అవి మీకూ ఎదురవుతాయి, అప్పుడు మీరే తిట్టుకుందురు గానీ. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఒక్క అమ్మాయి గురించి. ఆ అమ్మాయి విషయంలో నేను చేసిన తప్పు గురించి, ఆ తర్వాత మేమంతా కలిసి గెలిచిన గెలుపు గురించి. గెలుపు అని ధైర్యంగానే రాస్తున్నాను. మా వార్డులో ఆ మాట వాడే అవకాశం రోజూ రాదు.

మేరీ సిస్టర్ చింపిన కాగితం

నాకు పని నేర్పింది మా హెడ్ నర్సు మేరీ సిస్టర్. మనిషి పొట్టి, గొంతు పెద్దది. నేను చేరిన కొత్తలో ఒక రోగి తనకు దేవుడితో జరిగిన సంభాషణంతా చెబితే, ముచ్చటపడి రెండు పేజీలు రాశాను. మేరీ సిస్టర్ చదివింది, కళ్లజోడు తీసింది, కాగితం అడ్డంగా చింపింది.

"మంచిగ రాసినవ్ రాజమణీ, కైత్వం లెక్కనే ఉన్నది. మరి రాత్రి ఎన్ని గంటలు పండుకున్నడు? అన్నం తిన్నడా? తానం చేసిండా? గదేది?"

రోగి మాటల కన్నా ముందు నిద్ర, తిండి, స్నానం. మేరీ సిస్టర్ పెట్టిన వరుస అది. మాటలు మనల్ని మోసం చేస్తాయి, చెప్పేవాళ్లనూ మోసం చేస్తాయి. నిద్ర అంత తేలిగ్గా అబద్ధమాడదు. పాతికేళ్లకు పైగా ఈ వరుస తప్పలేదు నేను. తప్పిన రోజు సంగతే మీకు చెప్పబోయేది.

దూరపు కొండలు

నేను చేరినప్పుడు జనం మా వార్డుకు దొంగల్లా వచ్చేవాళ్లు. ముఖానికి కొంగు కప్పుకుని, ఎవరైనా ఎదురైతే పంటి డాక్టర్ దగ్గరికి వచ్చామని చెప్పుకుని. ఆ సిగ్గు వల్ల ఎంతమంది ఆలస్యంగా వచ్చి చెడిపోయారో నాకు తెలుసు. అందుకని ఫోన్లలో పిల్లలు "నాకు డిప్రెషన్ ఉంది" అని బాహాటంగా చెప్పుకోవడం మొదలైనప్పుడు, నిజం చెబుతున్నాను, సంతోషించాను. పోనీలే, కొంగు తొలిగింది అనుకున్నాను.

కొన్నాళ్లకు తొలిగిన కొంగు స్థానంలో అలంకారం వచ్చింది. నల్లబట్టలు, కిటికీ మీద వాన, చెంప మీదికి కారిన కాటుక, వెనకాల ఏడుపు పాట. కింద వందలమంది ఎర్రగుండె బొమ్మలు పెడతారు. జబ్బు ఉన్నవాళ్లకు లోతైన మనసుంటుందట, మామూలుగా ఉన్నవాళ్లు మొద్దులట. మా వార్డులో జబ్బుకు వాసన ఉంటుంది తల్లీ. పదిరోజులు దువ్వని తల, విప్పని చొక్కా, నోట్లో పెట్టినా మింగని ముద్ద. వాటికి ఎవరూ పాట పెట్టరు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అన్నారా?

ఒకసారి నిర్మల్ వైపు నుంచి ఒక డిగ్రీ పిల్ల వచ్చింది. ఫోన్‌లో ఏవో పది ప్రశ్నలకు జవాబులిచ్చి, "నాకు బైపోలార్ అని వచ్చింది, రాసివ్వండి" అని కూర్చుంది. గంటసేపు మాట్లాడితే తేలిందేమిటంటే, హాస్టల్లో తోటి పిల్లలు ఆమెతో మాట్లాడటం మానేశారు. దుఃఖమైతే నిజమే. ఆ జబ్బు మాత్రం లేదు. ఉట్టి దుఃఖమని చెబితే ఎవరూ పట్టించుకోవడం లేదని దానికో పెద్ద పేరు వెతుక్కుంది పాపం. నాలుగుసార్లు వచ్చి మాట్లాడి బాగుపడి పోయింది. ఆ కేసు నుంచి నేర్చుకోవాల్సింది జాలి. నేను నేర్చుకున్నది అనుమానం. రీల్ చేసే పిల్ల కనబడితే చాలు, నాటకం అనుకునే స్థితికి వచ్చాను.

ఎవరో ఒకరు పడుకునే ఉంటారు

రమ్య అలాంటి రోజుల్లోనే వచ్చింది. బొగ్గుగని కార్మికుల కాలరీ క్వార్టర్లలో ఉండే పిల్ల, పంతొమ్మిదేళ్లు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. ఫోన్‌లో ఆమె పేరు తుఫాన్ పిల్ల. మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ దాకా కాలేజీ పిల్లలందరికీ తెలుసట. బిడ్డ నోటికి మూత పడటం లేదని, సెల్లు వదలడం లేదని వాళ్లమ్మ సమ్మక్క వెంటబెట్టుకొచ్చింది.

ఓపీలో నా ముందు కూర్చుని కూడా ఫోన్ పైకెత్తి పట్టుకుంది. "సిస్టర్, నేను పేషెంట్‌ను కాదు, నేను తుఫాన్! తుఫాన్ పండుకుంటదా? నాకు నిద్రతోటి పనే లేదు!" అని గలగలా నవ్వింది. అదే మాట ఆమె రీల్‌లో ఉందని మా ఆయా అంతకుముందే చూపించింది. డైలాగు కొడుతోంది అనుకున్నాను. అయినా వరుస తప్పకూడదని సమ్మక్కను అడిగాను.

"రాత్రిళ్లు పండుకుంటదా?"

"పండుకుంటది సిస్టరమ్మా. మా ఇంట్ల ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు పండుకునే ఉంటరు."

నేను నవ్వాను. "నిద్ర ఉంది" అని చీటీ మీద రాశాను. బయట రోగుల వరుస గుమ్మం దాటింది. మా డాక్టర్ సారు నా చీటీని నమ్మే మనిషి, చీటీ చూసి రెండు వారాల తర్వాత రమ్మన్నారు. వాళ్లు పోయేముందు నేను ఆ పిల్లకో సలహా కూడా ఇచ్చాను. "జర సెల్లు తగ్గియ్యి బిడ్డా, అన్నీ సక్కగైతయి."

ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం సమ్మక్క ఆటోలో వచ్చింది. రమ్యను రొమ్ముకు అదిమిపట్టుకుని ఉంది. సమ్మక్క కాళ్లకు చెప్పుల్లేవు, అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. రమ్య నడిరోడ్డు మీద నిలబడి, చెవి కమ్మలు తీసి దారిన పోయేవాళ్లకు పంచుతూ, ఫోన్‌లో లైవ్ పెట్టిందట. లారీలు పక్క నుంచి పోతున్నాయి. చుట్టూ మూగిన వాళ్లు తమ ఫోన్లు తీశారు. తల్లి ఆ ఎండలో క్వార్టర్ల నుంచి రోడ్డు దాకా పరుగెత్తి వచ్చి పట్టుకుంది. మంచం మీద పడుకోబెట్టినా ఆ పిల్ల పెదవులు ఆగడం లేదు. గొంతు బొంగురుపోయింది, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

డాక్టర్ సారు నా పాత చీటీ చూశారు, నన్ను చూశారు, ఇంజక్షన్ రాశారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంజక్షన్ పడ్డాక సమ్మక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో రోజే అడిగాను. సోమవారం రమ్య బాపుకు ఏ షిఫ్టు? మరి వాళ్ల బాబాయికి? అప్పుడు తెలిసింది ఆ ఇంటి సంగతి. రెండు గదుల క్వార్టర్. తండ్రిది వారానికో షిఫ్టు, అదే ఇంట్లో ఉండే బాబాయిది ఇంకో షిఫ్టు. ఒకరు దిగితే ఒకరు ఎక్కుతారు. లోపలి గదిలో మంచం మీద పగలూ రాత్రీ ఎవరో ఒకరు నిండా దుప్పటి కప్పుకుని ఉంటారు. కిటికీకి ఎప్పుడూ బొంత కట్టే ఉంటుంది. సమ్మక్క ఆ దుప్పటి చూసినప్పుడల్లా బిడ్డ పడుకుందనుకుంది.

"దుప్పటి కింద ఎవరున్నరో ఎవలు చూస్తరు సిస్టరమ్మా? డ్యూటీ చేసొచ్చిన మనిషిని లేపుడు పాపం గదా."

వేళ్లు మడిచి లెక్క చూశాం. పదకొండు రోజులుగా రమ్య కన్ను మూయగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అంటే నా ముందు కూర్చుని నవ్విన రోజుకే మూడు రాత్రులు నిద్ర లేదు. నిద్రతో పని లేదని ఆ పిల్ల ఉన్న మాటే చెప్పింది, నేను డైలాగు అనుకున్నాను.

నా మొగుడూ షిఫ్టు మనిషే. అలాంటి దుప్పటి నా ఇంట్లోనూ పాతికేళ్లుగా ఉంది. అందరికీ శకునం చెప్పే బల్లి తానే పోయి కుడితిలో పడ్డట్టు, నిద్ర గురించి ఊరందరికీ పాఠాలు చెప్పే నేను ఆ ఒక్క మాట దగ్గర పడ్డాను. ఆ సాయంత్రం స్టోరు గదిలో నిలబడి ఏడ్చాను. ఏడ్చానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

అందుకే పిల్లలూ, "నిద్రపోతోందా?" అని అడగకండి. "నిద్రపోతుంటే ఎవరు చూశారు? ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?" అని అడగండి. ముఖ్యంగా షిఫ్టుల ఇళ్లలో.

గీతలు మంచిగ లేవు

నాలుగో రోజు పొద్దున తొమ్మిదైనా రమ్య లేవలేదు. గురక పెట్టి పడుకుంది. ఆ గురక వింటూ సమ్మక్క చేతులెత్తి మొక్కింది. మూడు వారాలకు ఇంటికి పోయింది. బైపోలార్ జబ్బని డాక్టర్ సారు తల్లీబిడ్డలిద్దరికీ విడమరిచి చెప్పారు. లిథియం మాత్ర రాసి, నెత్తురులో దాని మోతాదు చూపించుకుంటూ ఉండాలన్నారు.

నేను సమ్మక్కకు ఒక పని అప్పజెప్పాను. బొగ్గు బెల్టు ఇళ్లలో గోడ క్యాలెండర్ మీద షిఫ్టులు రాసుకోవడం మామూలే. ఆ గడిలోనే బిడ్డ పడుకున్న గంటలు కూడా పెట్టమన్నాను. సమ్మక్కకు చదువు రాదు. గంటకో నిలువు గీత అన్నాను. దుప్పటి తీసి ముఖం చూశాకే గీత.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఫోన్ చేతికి తిరిగి రాగానే రమ్య ఒక రీల్ పెట్టింది. ముఖం కొంచెం ఉబ్బింది, మాట నెమ్మదైంది. చూసేవాళ్లకు నచ్చలేదు. "ఈమె ఎవరు? మాకు పాత తుఫాన్ కావాలె." "మాత్రలు నీ మంటను ఆర్పుతున్నయ్, బంద్ చెయ్." ఒకడైతే జబ్బు దేవుడిచ్చిన వరమని రాశాడు. వరమైతే వాడే తీసుకోవచ్చు గదా, మా వార్డులో మంచాలున్నాయి!

అది చాలదన్నట్టు రమ్యకు చెయ్యి వణకడం మొదలైంది. ల్యాబ్ పిల్లకు చెయ్యే బతుకు. సూది పట్టుకుంటే వేళ్లు అదురుతున్నాయి, కాలేజీలో పక్కపిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. ప్రాక్టికల్ పరీక్షకు ఇంక నెలన్నరే ఉంది. అటు ఫోన్‌లో వందలమంది ఆపమంటున్నారు, ఇటు చెయ్యి మాట వినడం లేదు. ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేసింది.

అయిదో రోజు సమ్మక్క క్యాలెండర్‌ను చుట్టి చంకలో పెట్టుకుని ఓపీకి వచ్చింది. నా బల్ల మీద పరిచింది. ఏడు గీతలు, ఏడు, ఆరు, నాలుగు, మూడు.

"బిడ్డ మాటలు మంచిగనే ఉన్నయ్ సిస్టరమ్మా. నవ్వుతుంది, ఇల్లు ఊడుస్తుంది. గీతలే మంచిగ లేవు."

నేను ఆ మనిషిని వాటేసుకున్నాను. మేరీ సిస్టర్ ఉండి ఉంటే ఆమె నెత్తిన కిరీటం పెట్టేది. అక్షరం రాని తల్లి, పెద్ద పెద్ద చదువుల వాళ్లకు అందనిది పట్టుకుంది. జబ్బు ఈసారి గడప లోపలికి రాకముందే మాకు దొరికింది.

మధ్యాహ్నానికి రమ్యను తీసుకొచ్చింది. డాక్టర్ సారు కోప్పడ్డారు గానీ ప్రేమగానే. "చెయ్యి వణుకుతుందని చెప్తే మోతాదు చూసేటోణ్ని గదమ్మా. చెప్పకుంట బంద్ చేస్తే ఎట్ల?" మాత్ర మళ్లీ మొదలుపెట్టించారు, నెత్తురు పరీక్ష చూసి మోతాదు కొంచెం తగ్గించారు, చాయ మాన్పించారు, పదిరోజులకోసారి రమ్మన్నారు.

బయటి బెంచీ మీద రమ్య నన్నొక ప్రశ్న అడిగింది. ముప్పై రెండేళ్లలో నన్నెవరూ అంత గట్టి ప్రశ్న అడగలేదు.

"సిస్టర్, గప్పుడు నేను మస్తు ఖుషీగ ఉన్న. పుట్టినప్పటి సంది అంత ఖుషీ లేదు. గది నాది కాదా? అంతా జబ్బేనా?"

అబద్ధం చెబితే ఆ పిల్ల మళ్లీ నా దగ్గరికి రాదని తెలుసు. ఉన్నదున్నట్టే చెప్పాను.

"ఖుషీ నీదే బిడ్డా. బ్రేకులు లేకపోవుడు జబ్బుది. ఖుషీని ఎవ్వలు గుంజుకోరు. బండికి బ్రేకులు ఏపిస్తున్నం, అంతే."

"మరి వాళ్లంతా పాతదే కావాలంటున్నరు."

"వాళ్లకేంది, చూసి పోతరు. బండి మీద కూసున్నది నువ్వు."

రమ్య తన తల్లి అరికాళ్ల వైపు చూస్తూ కూర్చుంది. బొబ్బలు మానిన చోట తోలు ఇంకా తెల్లగా ఉంది.

తుఫాన్ పిల్ల జవాబు

ఆ తర్వాతి వారం ఆమె పెట్టిన రీల్ నాకు మా ఆయానే చూపించింది. నేను పెట్టమనలేదు, వద్దనలేదు. పాట లేదు, వాన లేదు. తలకు నూనె రాసి జడ వేసుకుని, క్వార్టర్ గోడకు ఆనుకుని కూర్చుంది. చెయ్యి కొంచెం వణుకుతూనే ఉంది, దాచలేదు.

"పాత తుఫాన్ కావాలె అంటున్నరు. ఆమెను మీరు ఫోన్ల చూసిన్రు. మా అవ్వ ఆమె ఎనుక ఉరికింది. చెప్పులు లేకుంట, ఎండల. నేను లారీల నడుమ నిలబడ్డ నాడు మీల ఒక్కరన్న నా చెయ్యి పట్టుకున్నరా? వీడియో తీసిన్రు. తుఫాన్ చూసెటోళ్లకు సక్కగుంటది, ఇల్లు కూలినోళ్లను అడుగున్రి. నేను మాత్రలేసుకుంట. పండుకుంట. ఎన్ని గంటలు పండుకున్ననో మా అవ్వ క్యాలెండర్ మీద గంటకో గీత పెడుతది, మీ ఇంట్ల ఎవలన్న నిద్ర పోకుంటే గట్ల లెక్క తీస్కొని దవాఖానకు పోన్రి. నచ్చినోళ్లు ఉండున్రి, లేనోళ్లు పోన్రి."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వార్డులో ఈల వేయకూడదు కాబట్టి వేయలేదు.

చాలామంది పోయారు. ఆమెకు రెండురోజులు బాధేసింది, వచ్చి నా ముందు ఏడ్చింది కూడా. పోయినవాళ్ల స్థానంలో అంతమంది రాలేదు. కానీ మా ఓపీకి కొందరు వచ్చారు. క్యాలెండర్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, కొంగున కట్టుకుని వచ్చారు. ఆసిఫాబాద్ అవతలి నుంచి ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకొచ్చి, "గా పిల్ల చెప్పినట్టు లెక్క తెచ్చిన సిస్టర్, జర చూడున్రి" అన్నాడు. ఆ కొడుకు విషయంలో మేము ఆలస్యం చేయలేదు.

రమ్య ప్రాక్టికల్ పరీక్ష రోజు నాకు డ్యూటీలో మనసు నిలవలేదు. మూడుసార్లు ఒకే మంచం బీపీ చూశాను. ఒంటిగంటకు ఫోన్ మోగింది.

"సిస్టర్! ఒక్క పోటుకే నెత్తురొచ్చింది! ఒక్కటే పోటు! సార్ ఎవలకు తియ్యమన్నడో ఎరుకేనా? సన్నటి నరాలున్న పిల్లకు! గా పిల్లకు నొప్పి కూడా కాలేదట!"

నేనూ అరిచాను. పక్కనున్న డాక్టర్ సారు ఏమైందని అడిగితే ఫోన్ ఆయన చెవికి పెట్టాను. ఆ మధ్యాహ్నం వార్డులో ఉన్న అందరికీ మైసూర్‌పాక్ పంచాను. ఎందుకో తెలియకపోయినా అందరూ తిన్నారు.

రాని మనిషి

నన్ను ఇప్పుడు అడిగితే ఫోన్లను తిట్టను. జబ్బును నగలా పెట్టుకునే పిల్లలను కూడా తిట్టను. వాళ్లలో కొందరికి ఉన్నది జబ్బు, కొందరికి ఉన్నది ఒంటరితనం. ఏది ఏదో చూసి చెప్పాల్సింది మనం. చూడకుండానే నాటకమని తేల్చడం, చూడకుండానే వరమని పొగడటం, రెండూ ఒకటే బద్ధకం. నేను మొదటిది చేశాను, మీరు చేయకండి.

నా పదవీ విరమణ సభ దవాఖాన వరండాలోనే పెట్టారు, పొద్దున పదింటికి. పూలదండలు, శాలువాలు, పొగడ్తలు. సమ్మక్క కొత్త చీర కట్టుకుని రెండో వరుసలో కూర్చుంది. నేను బాగుచేసిన పేషెంట్ ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడితే బాగుంటుందని మావాళ్లు రమ్యను పిలిచారట, నాకు చెప్పకుండా. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. అప్పటికి రమ్య మంచిర్యాలలో ఒక ల్యాబులో చేరి ఏడాదిన్నర దాటింది. నేను మైకు ముందుకు వెళ్లేముందు ఆమె ఫోన్ చేసింది.

"సిస్టర్, నన్ను మాఫ్ చెయ్యున్రి. ఇంకో పిల్ల రాలే, డ్యూటీల నేనొక్కదాన్నే ఉన్న. షుగర్ పరీక్షకు పరగడుపున వచ్చిన ముసలోళ్లు లైన్ల కూసున్నరు. ఇడిసిపెట్టి రాబుద్ధి అయితలేదు."

"రాకు బిడ్డా," అన్నాను. "నువ్వు రాకు. వాళ్ల పని చూడు."

మైకు పట్టుకుని, రాసుకొచ్చిన కాగితం మడిచేశాను. ఆ ఖాళీ కుర్చీ చూపించి చెప్పాను.

"నేను బాగుచేసిన పేషెంట్‌ను చూద్దామనుకున్నరు గదా. ఆమె రాలేదు. ఆమెకు ఈ పొద్దు తీరిక లేదట."

ముందుగా చప్పట్లు కొట్టింది సమ్మక్క.